చెరువు మీద సినిమాలు

"నా సినిమాలన్నీ చెరువు మీద కట్టేశావా?"

చేపల చెరువు గట్టు మీద సుబ్బరాజు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి ఏలూరు షాపులన్నీ గాలించి తెచ్చుకున్న డీవీడీలు తాళ్లకి వేలాడుతూ ఎండకి తళతళా మెరుస్తున్నాయి.

"నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తుంటే ఏం చెయ్యమంటారండీ? ఆ మెరుపు చూసి పొద్దుట్నుంచి ఒక్కటీ వాలలేదు," అంది భార్య శ్రీదుర్గ, మిగిలిన పురికొస తాపీగా ఉండ చుట్టుకుంటూ.

"సినిమా విలువ నీకేం తెలుసులే! ఒక్కనాడైనా నా పక్కన కూర్చుని చూశావా?"

"అన్నీ కట్టలేదండీ, గీతలు పడినవే కట్టాను. ఇదిగో, ఈ చివరిది పెళ్లిపాట దగ్గర ఆగిపోతుంది. దాని పక్కది పడవ ఫైటింగులో బొమ్మ ముక్కలైపోతుంది. మంచివన్నీ బీరువాలోనే ఉన్నాయి."

సుబ్బరాజు తెల్లబోయాడు. అవి ఆగే చోటు తనొక్కడికే తెలుసనుకున్నాడు ఇన్నాళ్లూ.

"ఎప్పుడు చూశావ్?"

"మధ్యాహ్నం పూట, మీరు చెరువు మీదికి రాగానే."

"మరి నేను రమ్మంటే వంటింట్లోకి పోతావేం?"

"మీతో చూడలేనండీ. వాళ్లు నోరు తెరవకముందే డైలాగు మీరు చెప్పేస్తారు. హంతకుడెవరో మొదటి రీల్లోనే చెప్పేస్తారు."

ఆ సాయంత్రం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. కోర్టు సీనులో ముసలి లాయరు లేచి నిలబడ్డాడు. సుబ్బరాజుకి ప్రాణమైన డైలాగది. నోరు తెరిచాడు.

శ్రీదుర్గ పక్కనున్న పురికొస ఉండ అందుకుంది.

సుబ్బరాజు చప్పున పళ్లెంలోంచి ఒక జంతిక తీసి నోట్లో పెట్టుకున్నాడు. సుబ్బరాజు ముందు మొదటిసారి, లాయరు డైలాగు లాయరే చెప్పుకున్నాడు.