వడకట్టని గొంతు

ఫోన్లు గొంతుల్ని కడిగి వినిపించడం మొదలై పదేళ్ళయింది. ఎవరు మాట్లాడినా తేటగా, హుషారుగానే వినపడతారు. జనం ఆ సంగతే మర్చిపోయారు.

పార్వతీపురంలో బట్టలు కుట్టే వరహాలమ్మ, పలాసలో ఉన్న ఆవిడ చెల్లెలు సూర్యకాంతం సరదాపడి, లైసెన్సులు తీసుకుని చెరో రేడియో కిట్టు తెప్పించుకున్నారు. చెల్లెలిది మొదటిరోజే పలికింది. వరహాలమ్మది మూగనోము పట్టింది. కాయిల్ చుట్టేటప్పుడు, రింగులోంచి తీగ దూరిన ప్రతిసారీ ఒక చుట్టుగా లెక్కపెట్టాలి. ఆవిడ బాబిన్‌కి దారం చుట్టే అలవాటుకొద్దీ బయటి చుట్లే లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువైంది. ఆ చుట్టు విప్పేస్తే కిట్టు పలికింది.

అయినా చెల్లెలు లీలగానే వినపడుతోంది. గొంతు కడిగే చిప్పు ఈ కిట్టులోనూ ఉంది. నీరసమైన సిగ్నల్‌ని అది రొదనుకుని మింగేస్తోందని, ఆ చిప్పుని పీకేసి ఆ చోట తీగముక్క అతికించింది.

గరగరల మధ్య చెల్లెలి గొంతు వచ్చింది. మాటమాటకీ దగ్గు.

వరహాలమ్మ బటన్ నొక్కింది. "ఎన్నాళ్ళనుంచే ఈ దగ్గు? ఓవర్."

"ఏడాదిగా, అక్కా. ఫోన్లో రోజూ దగ్గుతూనే ఉన్నా కదా. విని కూడా అడగవేమని మనసు కష్టపెట్టుకున్నా. ఓవర్."

ఇక మాట్లాడవలసింది వరహాలమ్మే. పీకేసిన చిప్పుని పక్కకి నెట్టి, బటన్ నొక్కింది.