చేప కళ్ళు

"కొడుకు పేరు కొట్టేసి, నామినీగా కోడలు ఈశ్వరిని పెట్టమంటావ్, అంతేనా?" కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అరిచాడు బ్యాంకు గుమాస్తా శ్రీరామ్మూర్తి.

వరసలో అందరూ విన్నారు. చేపలమ్మే గురువమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. వెనకే ఉన్న గోపి ఆమె కొడుక్కి జట్టుగాడు, అప్పుడే ఫోన్ తీశాడు. కొడుక్కి తెలిస్తే కోడల్ని బతకనివ్వడు.

ఆమె అద్దం సందులో మూతి పెట్టి గుసగుసలాడింది.

"బాబూ, కార్తీకమాసమంతా నా సేత కోనెం సేప ముక్కలు ఏపించుకు తిన్నావు. సొక్కా నీసు కంపేటని మీ ఇంటామె నన్నే అడిగింది. నాను సెప్పలేదు."

శ్రీరామ్మూర్తి తల ఠక్కున లేచింది.

"సేప కళ్ళు సూడందే కొనవు కదా. మనిషి మొకం సూడవేటి?"

అతను ఆమె కళ్ళలోకే చూస్తూ, వరస చివరిదాకా వినబడేలా అరిచాడు.

"అయ్యో, ఇది వేరేవాళ్ళ కాగితం! పొరపాటు నాదే!"

గోపి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాడు శ్రీరామ్మూర్తి, ఆమెకి మాత్రమే వినబడేలా.

గురువమ్మ అతని కళ్ళు పరీక్షగా చూసింది.

"ఆఁ, ఇప్పుడు తాజాగున్నావు," అని వేలు సిరాలో ముంచింది.