వెంట్రుకంత వెలుతురు

“వంకర,” అన్నాడు వెంకోబాచారి.

రెండు నెలల్లో ప్రాణేశ్ ఈ మాట వినడం ఇది ఏడోసారి. తను చవగ్గా కొన్న బ్యాండ్‌సా రంపం మిషన్ మీద అప్పుడే కోసిన వేపకట్టె ముక్క మామ ఎడమ చేతిలో ఉంది. కుడి చేతిలో గునియా ఉంది. కట్టె మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం అది, తాతలనాటి టేకుది. రెండింటినీ కలిపి వాకిలి వైపు ఎత్తి చూస్తే మధ్యలోంచి వెంట్రుకంత వెలుతురు కనబడుతోంది.

“సస్తా మిషన్ సస్తా పనే చేస్తది అల్లుడా. ఆయుధ పూజ దాకా చూస్తా. అప్పటికీ గిట్లనే ఉంటే పాత ఇనుము కొనే గుజరీవానికి తూకానికి ఏసేద్దాం. నువ్వు చేతిరంపం పట్టు.”

ప్రాణేశ్ బెంగ చేతిరంపం గురించి కాదు. ముదగల్ బస్టాండు పక్కన ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుంటూ రాజాలా బతికినవాడు. పెళ్లయ్యాక, మామకు తోడెవరూ లేరని రాయచూరు వచ్చి ఇల్లరికంలో దిగాడు. ఆ రోజు నుంచి కుడితిలో పడ్డ ఎలుక బతుకే. ఎప్పుడు లేవాలో, ఎవరితో మాట్లాడాలో, చాయ్‌లో చక్కెర ఎంతో, అన్నీ మామే చెప్పాలి. ముదగల్‌లో సొంతంగా కట్టెపని దుకాణం పెట్టుకుంటామని భార్య సహన చేత అడిగిస్తే ఆయన ఒక్కటే షరతు పెట్టాడు.

“నా గునియాకు వెలుతురు కనబడకుండ ఆగే మూల ఒక్కటి కోసి చూపియ్యమను. మర్నాడే వచ్చి మీ దుకాణంల టెంకాయ కొడతా. అందాక ఈ ఇంట్లకెళ్ళి కదిలేది లేదు.”

కాదని పోతే సహనకు ఈ గడప ఇక ఉండదు. ఆమె అన్న మోనేశ్‌కు జరిగింది అదే. పన్నెండేళ్ల కిందట, వాడు కోసిన కిటికీ చట్రం మూల ఎంతకీ గునియాకు ఆగలేదు. రంపం బాగాలేదు నాన్నా అన్నాడు పాపం. ఆడరాక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడే, నీ చెయ్యే వంకర అని తండ్రి నలుగురిలో చెంప పగలగొట్టి వెళ్లగొట్టాడు. వాడిప్పుడు తుర్విహాళ రైసుమిల్లులో బియ్యం సంచులు కుడుతున్నాడు. ఇంట్లో వాడి పేరు ఎత్తరు.

ప్రాణేశ్ జిద్దు వదల్లేదు. మొదట బ్లేడు మార్చాడు. మిషన్‌తో వచ్చినది ఉత్త రేకుముక్క. చక్రాలకు కొత్త రబ్బరు చుట్టాడు. బ్లేడు పక్కలకు ఊగకుండా చెరో వైపు బేరింగులు బిగించాడు. బిగువు నిలవడం లేదని స్ప్రింగు మార్చాడు. మిషన్ వణుకుతోందని అడుగున ఇనుప దిమ్మె వేశాడు. కట్టె ఆనించే పట్టీని తనే కొత్తగా చేసుకున్నాడు. అప్పుడు బజార్లో కొన్న ఇనుప గునియా పెట్టి చూస్తే ఇసుమంత వెలుతురు లేదు. ఆ ముక్క పట్టుకుని ఉరుకుతూ మామ దగ్గరికి వెళ్లాడు.

“బజారుది నాలుగు దినాలది. దాన్ని నమ్ముతవా?” అని ఆయన తన గునియా పెట్టాడు. మళ్లీ వెంట్రుకంత వెలుతురు.

నిజమేననుకున్నాడు ప్రాణేశ్. కట్టెపనిలో తనకు ఓనమాలు నేర్పిందే ఆయన. పైగా ఆ గునియా మామూలుది కాదు, దేవుడి పటం కింద ఉండేది. ప్రతి అమావాస్యకు పనిముట్లన్నీ ఎవరో ఒకరు కడుగుతారు గానీ, గునియాను మాత్రం సహనే తుడిచి, మూలకు తన చేత్తోనే మందంగా పసుపు మెత్తి కుంకుమ పెడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ పని ఇంకొకరిని చెయ్యనివ్వలేదు. ఏళ్ల తరబడి పసుపు అక్కడ అట్టకట్టింది. వెంకోబాచారి దాన్ని చూసి మురిసిపోతాడు. కొడుకుకు రాని బుద్ధి బిడ్డకొచ్చిందంటాడు.

ఆ మాటకొస్తే కొన్నేళ్లుగా ఆయన చేసిన తలుపులు కూడా సరిగ్గా పట్టడం లేదు. వాడకట్టులో సగం ఇళ్లలో భుజం పెట్టి తోస్తేగానీ మూసుకోవు. ఇప్పటి కట్టెకు నీతి లేదని తేల్చేస్తాడు ఆయన.

ఆయుధ పూజ ముందు రోజు పొద్దున ప్రాణేశ్ ఆఖరి ముక్క కోశాడు. ఊపిరి బిగబట్టి, నూలు పోగంత కూడా గీత దాటకుండా కోశాడు. వెంకోబాచారి దానికి గునియా పెట్టి వాకిలి వైపు తిరిగి చూశాడు, అదే వెలుతురు. గునియాను తెచ్చి పటం కింద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

“ఫాయిదా లేదు. గుజరీవాణ్ని పిలుచుకొస్తా.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ప్రాణేశ్ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మిషన్ పక్కన కూలబడ్డాడు. ఇక ముదగల్ లేదు. ఈ గోడల మధ్యే నెత్తి నెరిసిపోతుందని ఏడుపొచ్చింది.

పూజకు పసుపు కలుపుతున్న సహన చెయ్యి ఆపింది.

“మిషన్‌ది తప్పు కాదు సహనా,” అన్నాడు. “నా చెయ్యే వంకర. మీ అన్నది, నాది ఒకటే చెయ్యి.”

సహన లేచి వెళ్లి పటం కింది గునియా తెచ్చింది. చెంగు నీళ్లలో ముంచి మూలన ఉన్న పసుపంతా గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. పసుపు నీళ్లు ఆమె మోచేతి మీదుగా కారుతున్నాయి.

“అరే, ఏం చేస్తున్నవ్? మామ చూస్తే చంపుతడు.”

“అన్నను ఎల్లగొట్టిండు చూడు, దానికి నెల ముందు దీన్ని కింద పడేసి మూల కాడ ఇరగ్గొట్టిన, నాన్న కొడతడని నేనే గోందుతోని అతికించి పసుపు పూసిన,” అన్నది సహన.