మూలమీది చాంబర్

టంగ్... టంగ్.

చప్పుడు భూమి లోపలి నుంచి వస్తోంది. ఇనుము ఇనుమును తాకి, ఆగి, ఊపిరి తీసుకొని, మళ్లీ తాకినట్టుంది.

"ఉన్నడు," అన్నాడు మేస్త్రీ ఓదెలు, తాడు కొసను చేతికి చుట్టుకుంటూ. "లోపటికెళ్లి గడ్డపార చప్పుడు ఇనవడ్డంత సేపు పరేషాన్ లేదు."

తాడు రెండో కొస బకెట్‌కు కట్టి ఉంది. మనిషికి కాదు. చాంబర్ చుట్టూ నిలబడ్డ వాళ్లలో ఆ సంగతి గమనించింది సునంద ఒక్కతే.

చిట్కుల్ చివర, పాశమైలారం కంపెనీలకు పనికి పోయేవాళ్ల గల్లీ అది. కొన్నాళ్లుగా ఆదివారం వస్తే చాలు, మగవాళ్లు పారలు పడుతున్నారు, ఆడవాళ్లు తట్టలు ఎత్తుతున్నారు. మోరీ పూడిక తీశారు. చెత్తకుప్ప ఎత్తేసి ఆ జాగాలో వేపమొక్కలు నాటారు. ఇక మిగిలింది మూలమీది చాంబర్. గల్లీ నీళ్లన్నీ చేరవలసిన ఆ గొయ్యి పూడిపోవడంతో, నల్లటి నీళ్లు వెనక్కి మళ్లి ఇళ్లలోకే వస్తున్నాయి. మురుగు లాగే మిషన్ బండి కోసం ఆఫీసు చుట్టూ తిరిగారు. ఇవాళ అన్నారు, రేపు అన్నారు, బండి మాత్రం రాలేదు. చివరికి తలా కొంత వేసుకొని, పటాన్‌చెరు కూలీల అడ్డా మీది నుంచి ఒక మనిషిని పిలిపించారు. పిలుద్దామన్న మాట మొదట సునంద నోటి నుంచే వచ్చింది.

"దశరథన్న ఉంటె మంచిగుండు, అక్కా," అన్నాడు జైపాల్. గల్లీవాళ్లందరినీ పనిలోకి దింపింది అతడే. "కంపెనీల ఆపరేటర్ గద, గ్యాసు సంగతి ఆయనకు ఎరుకే. యాడ పోయిండు?"

"మా అనూహ్య వాళ్ల డాడీకి ఓటీ ఉంది."

"ఐతారం సుత ఓటీయా? వాళ్ల యూనిట్ల పని తగ్గిందని అంటున్నరు మరి?"

"లేదు. నడుస్తుంది."

పక్కింటి నర్సింహమ్మ కిసుక్కున నవ్వింది. "సూసిండ్రా! అనూహ్య వాళ్ల డాడీ అంటది గాని, మొగని పేరు నోట్లకెళ్లి రాదు. రేషన్ దుకాణంల అడిగితె సుత నా దిక్కే చూస్తది, నేనే చెప్పాలె."

అందరూ నవ్వారు. ఎప్పుడూ ఆ మాటకు సిగ్గుపడి నవ్వే సునంద, ఈసారి నవ్వలేదు.

టంగ్... టంగ్.

పొద్దున ఆటో దిగినప్పుడే ఆ కూలిమనిషి ముఖానికి తువాల చుట్టుకొని ఉన్నాడు. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కళ్లు గల్లీని చూశాయి, ఇళ్లను చూశాయి, గుంపులో ఉన్న సునందను చూసి నేలకు వాలిపోయాయి. అతడు వెనక్కి తిరిగి ఆటో ఎక్కబోతే, "ఇంత దూరం తెచ్చినంక ఎన్కకు పోతవా?" అని కసిరాడు ఓదెలు. సునంద చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తువాల విప్పకుండానే తల అడ్డంగా ఊపి, మారుమాట లేకుండా గోతిలోకి దిగిపోయాడు.

"మేస్త్రీ, మనిషికి తాడు కట్టలేదేంది?" అంది సునంద.

"ఉన్నదే ఒక్క తాడు, అక్కా. బకెట్‌కు గావాలె గద."

"జెరసేపు పైకి రమ్మను. గాలి పీల్చుకుంటడు."

"నడిమిట్ల లేపితె పని సాగదు."

"పని ఏడికి పోతది? రమ్మనండ్రి!"

నర్సింహమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏందే, గంత ఆగమైతున్నవ్? నీ చుట్టమా ఏంది?"

సునంద చూపు గోతి మీదే ఉంది. "మనిషి గద, అత్తా," అంది మెల్లగా.

టంగ్.

రెండో చప్పుడు కోసం అందరూ చెవులొగ్గారు. అది రాలేదు.

"ఓ అన్నా!" వంగి అరిచాడు జైపాల్. "ఓ తమ్మీ!" అరిచాడు ఓదెలు. గోతిలోంచి వాళ్ల గొంతులే తిరిగి వచ్చాయి. తాడు లాగితే, బకెట్ ఖాళీగా పైకి వచ్చింది.

చొక్కా విప్పి దిగబోయిన జైపాల్‌ను ఓదెలు గట్టిగా పట్టుకున్నాడు. "దిగకు! గ్యాసు తలిగితె నువ్వు సుత పోతవ్!"

ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. ఇస్నాపూర్ దగ్గర లారీల నడుమ చిక్కుకుందట. పారలు పట్టిన చేతులు, తట్టలు ఎత్తిన చేతులు, ఇన్ని చేతులుండి, ఒక్కటీ ఆ లోతుకు అందడం లేదు.

ఓదెలు తాడు కొసకు ఉచ్చు వేసి లోపలికి వదిలాడు. "పేరు పెట్టి పిలువాలె. మత్తుల ఉన్నోనికి అన్నా, తమ్మీ అంటె చెవికెక్కది. వాని పేరు వానికి ఇనవడితె తెలివికొస్తడు, తాడు పట్టుకుంటడు. మా అడ్డా మీద గట్లనే లేపుతరు."

"అయితె పిలువు, జల్దీ!"

ఓదెలు తల దించుకున్నాడు. "నాకు తెల్వదు. పొద్దుగాల అడ్డా మీద నిలవడ్డడు, ఎక్కించుకొచ్చిన. పేరు అడగలే."

"ఎవరన్న అడిగిండ్రా?" గుంపు వైపు తిరిగాడు జైపాల్. పొద్దుటి నుంచీ ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు.

సునంద ముందుకు నడిచింది. చాంబర్ అంచున మోకాళ్ల మీద కూలబడింది. నర్సింహమ్మ రెక్క పట్టి లాగితే విదిలించుకుంది. రెండు అరచేతులూ ఆ నల్లటి బురదలో ఆనించి, చీకట్లోకి తల వంచింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ కదిలాయి.

"దశరథ్!" అని పిలిచింది.