పక్క సీటు

పళ్ళ డాక్టరు రాగానే సీట్ల మేస్త్రీ, పెళ్ళికూతుర్ని చూపించినట్టు స్పోర్ట్స్ కారు తలుపు తెరిచాడు. ముందు సీట్లు రెండూ కొత్తవే, రేసు కార్లలో ఉండే రకం.

"నడుం నొప్పని నా సీటొక్కటే కదయ్యా మార్చమన్నాను?"

"ఇవి జతగానే వస్తాయి డాక్టరుగారూ. రెండోది అటకెక్కించడం ఎందుకని పక్కన బిగించేశా. అయినా ఆ పాత పక్క సీటు చూశారా? ఫోమంతా మీ వైపుకి కుంగిపోయింది. ఇందులో ఆ బెడద లేదు. అంచులు ఎంత ఎత్తున్నాయో చూడండి, అమ్మగారు ఒరుగుదామన్నా ఒరగలేరు!"

డాక్టరు వంగి ఆ సీటు మీద అరచెయ్యి ఆనించాడు. నొక్కిన చోటల్లా మళ్ళీ పైకి లేచింది.

"ఆవిడకి వేగమంటే భయం. ఎప్పుడూ నా వైపే ఒరిగి కూర్చునేది," అన్నాడు. "పోయి ఏడాది కావస్తోంది. ఆ పాత సీటు ఏదీ?"

పాత సీటు దిగగానే అందులోని ఫోమ్ లాగేసి, దిండ్లలో కూరడానికి ముక్కలు చేసేయడం ఆ షెడ్డులో అలవాటు. మేస్త్రీ మూలనున్న గోనెసంచి చూపించాడు.

డాక్టరు ఆ సంచిని రెండు చేతులా ఎత్తుకొచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. తన వైపు ఒరిగించబోయాడు. అంచు అడ్డొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. చివరికి నిటారుగానే ఉంచి బెల్టు పెట్టాడు.

ఇంజను స్టార్టు చేసి పక్కకి చూశాడు.

"భయపడకు, నెమ్మదిగానే పోనిస్తాలే."