ఎవరి మనిషి?

నెల్సన్‌ను సమాధి చేసి తొమ్మిది రోజులైంది.

పొద్దున్నే కిటికీ తీసిన లిడియాకు, ఎదుటి ఖాళీస్థలంలో ముళ్ళకంచె తెంచి చుట్ట చుడుతున్న మనిషి కనిపించాడు. అరవై దాటిన వయసు. వెలిసిన పంచె.

ఏలూరులో ఆ కాలనీకి పార్కని లేఅవుటులో చూపించిన స్థలమది. తనదేనంటూ తణుకు ఆసామి వెంకట్రాజు కోర్టుకెక్కి కంచె వేయించాడు. ఆయన్ని ఎవరూ చూడలేదు. అంతా ప్లీడరే నడిపించాడు. కంచె పడ్డాక పిల్లల ఆటలు రోడ్డు మీదికి వచ్చాయి. అక్కడే లిడియా కొడుకు నెల్సన్‌ను లారీ గుద్దింది. వాడికి ఎనిమిదేళ్ళు.

ఇక్కడ పార్కు వచ్చేదాకా ఊరుకోనని లిడియా ఒక్కసారే అంది. మళ్ళీ అనలేదు.

ఆ మనిషి రోజూ వచ్చాడు. గడ్డి చెక్కాడు. కానుగ మొక్కలు నాటాడు. కాలువలోని గుర్రపుడెక్క మోసుకొచ్చి పాదుల్లో పరిచాడు.

మూడోనాడు ఆమె మంచినీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన తల దించుకున్నాడు.

"మీ చేతి నీళ్ళు నేను తాగకూడదమ్మా."

అలాంటి మాట లిడియా చిన్నప్పుడూ విన్నదే. అయితే కాలనీలో అవతలి రామాలయం వీధివాళ్ళు పెట్టిన మనిషన్నమాట. గ్లాసు వెనక్కి తెచ్చుకుంది.

మర్నాడు పలుగు పట్టుకుని తనే దిగింది. పార్కు పేరంతా అవతలివాళ్ళకే పోతుందని ఆమె ఉండే చర్చి వీధి ఆడవాళ్ళూ దిగారు. అది చూసి రామాలయం వీధి పెద్ద తాతాజీ తనవాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. పోటీకి మొదలైన పని, వానలు వెళ్ళేసరికి ఎవరి క్యారేజీలో కూర ఎవరు తింటున్నారో తెలియనంత దాకా వచ్చింది.

ఆర్నెల్లకు ఆ మనిషి రావడం మానేశాడు.

"మీ మనిషి పది రోజులుగా రావట్లేదేంటండీ?" లిడియా అడిగింది.

తాతాజీ పలుగు కింద పెట్టాడు. "మా మనిషేంటమ్మా? మీ చర్చివాళ్ళు పెట్టారనుకుంటున్నాం మేం. పేరైనా అడగలేదు."

మర్నాటి కోర్టు వాయిదాకు రెండు వీధులూ కలిసే వెళ్ళాయి. తీర్పు ఎలా వచ్చినా ఆ స్థలం వదిలేది లేదని లిడియా దారిలోనే చెప్పేసింది.

అవతలి ప్లీడరు లేచాడు. తన క్లయింటు పది రోజుల క్రితం గుండెపోటుతో పోయారనీ, అంతకుముందే ఆ స్థలాన్ని పిల్లల పార్కు కోసం మునిసిపాలిటీకి రాసిచ్చి రిజిస్టరు చేయించారనీ చెప్పాడు. ఆ దస్తావేజు నకలు తెచ్చి లిడియా చేతికిచ్చాడు.

తాతాజీ కళ్ళజోడు పెట్టుకుని ఆమె పక్కనుంచి తొంగిచూశాడు.

వెంకట్రాజు అనే పేరు పక్కన అంటించిన ఫొటోలో ఉన్నది, ఆర్నెల్లు వాళ్ళ మధ్య మట్టి మోసిన మనిషే.