జీపుకి తలుపులు

జీపు తలుపులు టక్కున లాక్ అయ్యాయి. లోపల నేనూ, మా అబ్బాయి గిరిబాబూ. బయట, బండి కొనడానికి నెహ్రూ నగర్ నుంచి వచ్చిన పెద్దమనిషి.

"రిమోట్ ఏది నాన్నా? అది నొక్కితేగాని తెరుచుకోవు."

నేను రైల్వే వేలంలో కొన్న పాత జీపు అది. తలుపుల్లేవు, ఎటు కావాలంటే అటు కిందికి దూకేసేవాళ్లం. దాని గుడ్డ టాపు పీకించి, ఇనప టాపు, తలుపులు, కదలని అద్దాలు, ఏసీ పెట్టించాడు వీడు.

"జీపుకి తలుపులేటిరా?" అని అడిగాను అప్పుడే.

"ఇప్పుడు కొనేవాళ్లకి ఇవే కావాలి. నీ కాలం కాదు ఇది," అన్నాడు.

మా తార్‌బహార్ పేటలో మే నెల ఎండకి ఇనుము కాలుతోంది. గిరి సీట్ల కింద వెతికాడు, అద్దం బాదాడు.

"అచ్ఛా, గాడీ కాదు, పింజరా! పంజరం!" అని నవ్వి, పెద్దమనిషి స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

గిరి స్టీరింగు మీద తల ఆనించాడు.

"చెప్తే విన్నావేటి?" అని మొదలుపెట్టాను. మధ్యలో లేచిపోకుండా వాడు నా మాట వినడం ఇదే మొదలు.

నా పంచె మడతలో రిమోట్ గుచ్చుకుంటోంది. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.